ముందు నీళ్లు చూసుకోండి, తర్వాతే బోటు

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. కాకినాడ జగన్నాథపురంలో ఉంటున్నాం. సొంతూరు ఉప్పాడ పక్కన. పన్నెండో ఏట నాన్నతో నావ ఎక్కాను. తర్వాత బోటు పనివాడిగా అంటే కలాసీగా, ఆపైన బోటు నడిపే సరంగుగా చేసి, అప్పు చేసి మరబోటు కొన్నాను. నేను స్వయంగా వేటకు వెళ్లి చాలా కాలమైంది. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. ఇప్పుడు హార్బరులో కూర్చుని డీజిల్ లెక్క, ఐస్ లెక్క, కలాసీల అడ్వాన్సుల లెక్క చూసుకోవడమే నా పని. అబ్బాయిలిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు, ఈ పని తమకు వద్దన్నారు. బోటు అమ్మేసి చిన్న ఫైబర్ బోటు కొనుక్కుని, సొంతూరు వెళ్లిపోయి, ఒడ్డునే బోటు పెట్టుకుని, పొద్దున పూట రెండు మూడు గంటలు గేలం వేసుకుంటే చాలనిపిస్తోంది. ఎన్ని అడుగులది కొనాలి? ఏ ఇంజిను మంచిది? పెద్ద బోటు సరంగుకి అప్పజెప్పి దాన్ని కూడా ఉంచుకుంటే ఎలా ఉంటుంది? నా భార్య మాత్రం ఈ వయసులో సముద్రం జోలికే వెళ్లొద్దంటోంది. బోటు ఓనరు మళ్లీ నావ మీదకి దిగాడని నలుగురూ అనుకుంటారేమోనని నాకూ ఒక మూల ఉంది.

జవాబు: అన్నగారికి నమస్కారం.

సూటిగా చెబుతాను. పెద్ద బోటు అమ్మేయండి. చిన్నది కొనుక్కోండి. వేట మానకండి. అయితే మీరు అడిగిన వరుస మాత్రం మార్చుకోవాలి. ఎన్ని అడుగులు, ఏ ఇంజిను అని మొదలుపెట్టారు. మీ వయసుకి, మీ మోకాళ్లకి ముందు తేలాల్సింది బోటు ఏ నీళ్లలో ఉంటుంది, దాంట్లో మీతో ఎవరుంటారు అన్నది. ఆ రెండూ కుదిరితే అడుగుల లెక్క దానంతటదే తేలిపోతుంది. అవి కుదరకపోతే ఎంత మంచి బోటు కొన్నా ఆరు నెలల్లో ఒడ్డున బోర్లా పడి ఉంటుంది.

పెద్ద బోటు నుంచి చిన్న బోటుకి మారితే శ్రమ తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ఖర్చు తగ్గుతుంది, లెక్కలు తగ్గుతాయి, టెన్షన్ తగ్గుతుంది. ఒంటి శ్రమ మాత్రం తగ్గాలని లేదు, చాలాసార్లు పెరుగుతుంది. మీ మరబోటు జెట్టీకి కట్టి ఉంటుంది. మీరు నడుచుకుంటూ వెళ్లి ఎక్కుతారు. వించి యంత్రం వల లాగుతుంది, కలాసీలు సర్దుతారు. ఇసుక మీద పెట్టుకున్న ఫైబర్ బోటు సంగతి వేరు. దాన్ని నీళ్లలోకి తోయాలి. మొలలోతు నీళ్లలో నిలబడి కెరటం చూసుకుని ఎక్కాలి. మూడు నాలుగు కెరటాలు దాటేదాకా చుక్కాని వదలకూడదు. వచ్చేటప్పుడు అదే పని వెనక్కి, అప్పటికే అలిసిపోయిన ఒంటితో. చివర్లో నలుగురైదుగురు కలిసి దాన్ని ఇసుక మీదకి లాగాలి. మీరు పన్నెండేళ్లప్పుడు ఇదంతా ఆటలా చేసి ఉంటారు. ఇప్పుడు మీ మోకాలు ఒప్పుకోనిది సరిగ్గా ఈ పనే. గేలం వేయడానికి మోకాలితో పనేముంది?

అందుకే సొంతూరు ఒడ్డు మీద బోటు పెట్టుకోవద్దంటాను. ఉప్పాడ తీరం సంగతి మీకు నేను చెప్పాలా? సముద్రం ఏటా ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఒకప్పుడు బోట్లు ఆరబెట్టిన ఇసుక ఇప్పుడు లేదు, చాలా చోట్ల కోతను ఆపడానికి వేసిన బండరాళ్లే ఉన్నాయి. కెరటంలో బోటు అడ్డం తిరిగితే ఇసుక మీద పడటం ఒకటి, రాయి మీద పడటం ఇంకొకటి. పాతికేళ్ల కుర్రాళ్లు కూడా అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని దిగుతారు. సొంతూరి మీద మీకున్న మమకారం నాకు అర్థమవుతుంది. ఇల్లు అక్కడే పెట్టుకోండి, పండక్కీ పబ్బానికీ అక్కడే ఉండండి. బోటు మాత్రం కాకినాడలోనే ఉంచండి.

కాకినాడకున్న అదృష్టం ఈ తీరంలో తక్కువ ఊళ్లకి ఉంది. హోప్ ఐలాండ్ అని మనం పిలిచే ఆ ఇసుక దిబ్బ గోదావరి మట్టితోనే పెరిగి, దాదాపు పదహారు కిలోమీటర్ల పొడవున సముద్రానికీ ఊరికీ మధ్య అడ్డంగా పడుకుని ఉంది. దాని లోపలి అఖాతంలో నీళ్లు బయటి సముద్రం కన్నా ఎంతో నెమ్మది. ఏటిమొగ వైపో, కుంభాభిషేకం రేవు వైపో, జగన్నాథపురం ఉప్పుటేరులోనో మెట్లున్న చోటు, లేదా బల్ల మీద నుంచి నేరుగా బోటులోకి కాలు పెట్టగలిగే చోటు ఒకటి చూసుకోండి. కెరటం దాటే పని లేదు. లాగే పని లేదు. మీరుండేది ఎలాగూ జగన్నాథపురమే కాబట్టి తెల్లవారుజామున నడిచి వెళ్లి ఎక్కొచ్చు. రోజూ బోటు మీద కన్నేసి ఉంచే తెలిసినవాళ్లు కూడా అక్కడే ఉంటారు.

ఆ అఖాతాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. పెద్ద బోటులో మీరు దాన్ని ఇన్నేళ్లూ దాటిపోయే దారిగానే చూశారు, ఇప్పుడు అక్కడే ఉండబోతున్నారు. లోతు తక్కువ. పాటు వేళకి, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, చాలా చోట్ల బురద తేలిపోతుంది. బోటు కూరుకుపోతే మళ్లీ పోటు వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి. పోటు వేళ రోజుకి ముప్పావు గంట పైగా వెనక్కి జరుగుతుంది కాబట్టి మీరు బయల్దేరే టైము కూడా గడియారాన్ని బట్టి కాకుండా నీటిని బట్టి మారుతుంది. ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఒకరోజు ఆరింటికి, ఒకరోజు తొమ్మిదింటికి వస్తే వదినగారు కంగారు పడతారు. ఇంకొకటి, ఆ దిబ్బ కాపాడేది తూర్పు నుంచి, దక్షిణం నుంచి వచ్చే అలని. అఖాతం నోరు ఉత్తరానికి తెరుచుకుని ఉంది. నైరుతి రోజుల్లో లోపల హాయిగా ఉన్న నీళ్లే అక్టోబరు నుంచి ఈశాన్యపు గాలి తిరిగాక ఎగిసిపడతాయి. ఆ రెండు మూడు నెలలు తుఫాన్ల కాలం కూడా. అప్పుడు ఉప్పుటేరు దాటి బయటికి రాకుండా ఉండటమే మేలు. పోర్టుకి వచ్చే ఓడల దారిలో లంగరు వేయకూడదని సరంగుగా చేసిన మీకు వేరే చెప్పక్కర్లేదు.

కోరంగి మడ అడవుల వైపు వెళ్లాలని మనసు లాగుతుంది. నీడ ఉంటుంది, నీళ్లు నిలకడగా ఉంటాయి, పండుగప్ప దొరుకుతుంది. కానీ అది 1978 నుంచి అభయారణ్యం. ఏ పాయలో వేట ఒప్పుకుంటారో, ఏ పాయలో ఒప్పుకోరో అటవీశాఖ వాళ్లని అడిగి తెలుసుకున్నాకే వెళ్లండి. హోప్ ఐలాండ్ ఒడ్డున జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో అటు వల కట్టకండి. గేలానికే పరిమితమైతే ఈ గొడవలు చాలావరకు ఉండవు.

ఇక బోటు. మీ అవసరానికి పద్ధెనిమిది నుంచి ఇరవై రెండు అడుగుల లోపు సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే ఇద్దరు మనుషులు దాన్ని సంభాళించడం కష్టం. అంతకన్నా చిన్నదైతే ఒకరు లేచి నిలబడగానే ఊగుతుంది. పొడుగు కన్నా వెడల్పు చూడండి. వెడల్పుగా, అడుగు కాస్త చదునుగా ఉన్నది అఖాతంలో నిలకడగా ఉంటుంది, బురద నీళ్లలోనూ నడుస్తుంది. మన కాకినాడ నాటు నావలు చదునైన అడుగుతో ఉండేది ఇందుకే. మీ నాన్నగారి నావ కూడా అలాంటిదే అయి ఉండాలి. బోటు అంచు మరీ తక్కువ ఎత్తులో ఉంటే పక్క నుంచి వెళ్లే మరబోటు లేపే అలకే నీళ్లు లోపలికి వస్తాయి. మరీ ఎత్తుగా ఉంటే చేపని లోపలికి తీయడానికి నడుం వంచాలి. కూర్చున్నప్పుడు అంచు మీ మోచేతికి అందేలా ఉంటే సరి.

కూర్చునే పలకలు కుర్చీ ఎత్తున ఉండేలా చేయించుకోండి. ఫైబర్ బోట్లలో సాధారణంగా పలకలు కిందికి ఉంటాయి, గొంతుకూర్చున్నట్టు కూర్చోవాలి. మీ మోకాళ్లకి అది పనికిరాదు. అడుగున కాలు జారకుండా గరుకు పూత వేయించండి. లేవడానికి పట్టుకునేందుకు రెండు చోట్ల స్టీలు కడ్డీ పెట్టించండి. ఇవన్నీ చేసేవాళ్లు కాకినాడలోనే దొరుకుతారు, అయ్యే ఖర్చు బోటు ధరలో లెక్కలోకి రాదు.

పలకల కింద ఫోమ్ నింపి మూసిన అరలు ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. బోటు నిండా నీళ్లు వచ్చినా మునగకుండా తేల్చేవి అవే. కొత్తది కొంటే తయారుచేసేవాళ్లని అడిగి మీ కళ్ల ముందు ఫోమ్ నింపించండి. పాతది కొంటే లోతులేని చోటికి తీసుకెళ్లి నీళ్లు నింపి చూడమనండి. తేలితేనే బేరం. పాత బోటులో ముందుగా చెడిపోయేది వెనక ఇంజిను తగిలించే పలక. పైన ఫైబర్ నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి చెక్క నీళ్లు తాగి మెత్తబడి ఉంటుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి చోట గట్టి శబ్దం వస్తుంది, కుళ్లిన చోట మొద్దుగా మోగుతుంది. చెక్క బోట్లు తట్టి చూసిన చెవి మీది, మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

ఇంజిను ఎనిమిది నుంచి పది హార్స్‌పవర్ మధ్య చాలు. పొడుగు కడ్డీకి ఫ్యాను ఉండే డీజిల్ ఇంజిన్లు గట్టివే, డీజిల్ ఖర్చు కూడా తక్కువ. కానీ బరువు ఎక్కువ, మోత ఎక్కువ, ఆ కడ్డీని ఎత్తి దించడానికి భుజంలో బలం కావాలి. రెండు మూడు గంటలు ప్రశాంతంగా గడపడానికి వెళ్తూ చెవులు గళ్లుపడేలా ఆ మోత ఎందుకు? మీకు పెట్రోలుతో నడిచే అవుట్‌బోర్డే, అంటే బోటు వెనక పలకకి బయట తగిలించే ఇంజినే నయం. అందులోనూ ఫోర్ స్ట్రోక్ అయితే ఆయిల్ కలపనక్కర్లేదు, పొగ తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది. వీలైతే బటన్ నొక్కితే స్టార్టయ్యేది తీసుకోండి. తాడు లాగి స్టార్ట్ చేయడం మొదటి ఏడాది బాగానే ఉంటుంది, తర్వాత భుజం పట్టేస్తుంది. కొనేముందు బోటు వెనక పలక ఎత్తు కొలుచుకుని వెళ్లండి, షాఫ్టు పొట్టిదా పొడుగుదా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. కంపెనీ కన్నా ముఖ్యమైంది, చెడిపోయిన రోజే బాగుచేసే మెకానిక్, స్పేర్ పార్టులు కాకినాడలో ఉండటం. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో ఇంజిను కడగాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది. కాబట్టి వారాల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకండి. ఆ పూటకి కావాల్సింది, దాని మీద మరో అంత తీసుకెళ్తే చాలు.

ఏ ఇంజిను కొన్నా రెండు తెడ్లు, ఒక లంగరు, దానికి సరిపడా తాడు బోటులో ఉండి తీరాలి. పొద్దున పూట గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. బయటికి వెళ్లడానికి అది సుఖమే. ఇంజిను ఆగిపోతే అదే గాలి మిమ్మల్ని చడీచప్పుడు లేకుండా సముద్రం లోపలికి తోసేస్తుంది. లోతు తక్కువ నీళ్లలో లంగరు వేస్తే అక్కడే నిలబడతారు. మధ్యాహ్నానికి గాలి తిరిగి ఒడ్డు వైపు వీస్తుంది, అప్పటికే అల లేచి ఉంటుంది. అందుకే పదిన్నర, పదకొండులోపు ఇంటికి చేరేలా చూసుకోండి.

వదినగారి మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడ భయం ఉత్తినే పుట్టింది కాదు. 1996 నవంబరు 6 రాత్రి మన తీరం మీద విరుచుకుపడిన తుఫానులో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి వేటకు వెళ్లిన వందలమంది తిరిగి రాలేదు. ఆ రోజుల్లో హార్బరు ఒడ్డున ఎదురుచూసిన ఆడవాళ్లలో ఆవిడ కూడా ఉండి ఉండొచ్చు. అలాంటావిడని నాకేం కాదులే అని నోటిమాటతో ఒప్పించలేరు. మాట కన్నా ఏర్పాట్లు చూపించండి. ఒంటరిగా ఒక్కరోజు కూడా వెళ్లనని చెప్పండి, అలాగే ఉండండి. మీ వయసువాళ్లే వేట మానేసి ఖాళీగా ఉన్నవాళ్లు పేటలో ఉంటారు. లేదా పొద్దున పూట పనిలేని కుర్రాడు ఎవరైనా ఉంటాడు. నన్నడిగితే కుర్రాడే మేలు. మీకు ఒంట్లో తేడా చేస్తే బోటుని ఒడ్డుకి తేగలిగినవాడు కావాలి కదా. అతనికి రోజుకింత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి, చేపలో వాటా మీద పెట్టకండి. వాటా పెడితే ఎక్కువ పట్టాలన్న తొందర బోటులోకి ఎక్కుతుంది.

లైఫ్ జాకెట్ వేసుకోండి. మనవాళ్లలో దీన్ని నామోషీగా చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈదడం వచ్చు కదా అంటారు. ఈత వచ్చినా బీపీ మాత్రలు వేసుకుంటున్న మనిషి కళ్లు తిరిగి పడితే ఈదలేడు. పని చేసుకోవడానికి వీలుగా చేతులకి అడ్డురాని పల్చటివి దొరుకుతాయి. ఇంజినుతో పాటు వచ్చే ఎర్ర తాడు, అంటే మనిషి పడిపోగానే ఇంజినుని ఆపేసేది, దాన్ని రోజూ చేతికి తగిలించుకోండి. కొత్త ఇంజిను కొన్నవాళ్లలో చాలామంది దాన్ని మొదటి రోజే మూల పడేస్తారు. నీళ్లలో పడితే మళ్లీ పైకి ఎక్కడానికి మూడు మెట్ల తాడు నిచ్చెన ఒకటి వెనకాల కట్టి ఉంచండి. అరవై దాటాక నీళ్లలోంచి చేతుల బలంతో బోటులోకి ఎక్కడం దాదాపు జరగని పని.

ఫోను నీళ్లు తగలని సంచిలో పెట్టుకోండి. అఖాతంలో సిగ్నల్ ఉంటుంది. ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఇంట్లో కూడా రాసి పెట్టండి. ఫలానా టైముకి రాకపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలో వదినగారికి తెలిసి ఉంటే ఆవిడకి సగం భయం పోతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు స్థితి ముందుగానే చెబుతుంది, చిన్న బోట్లు తిరగబడే ప్రమాదం ఉన్న రోజులకి విడిగా హెచ్చరికలు కూడా ఇస్తుంది. పెద్ద బోటుకి పట్టింపు లేని అల చిన్న బోటుకి ప్రాణాంతకం, కాబట్టి పాత అంచనాలతో పోల్చుకోకండి. ముందు రోజు రాత్రి ఆ సమాచారం చూసే పని అబ్బాయిలకి అప్పజెప్పండి. ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా మీ వేటలో వాళ్లకీ ఒక పాత్ర ఉన్నట్టవుతుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఉన్న ప్రమాద బీమా 70 ఏళ్ల దాకా వర్తిస్తుంది, ప్రమాదంలో మరణిస్తే 5 లక్షలు ఇస్తారు, మీరు కట్టాల్సిందేమీ ఉండదు. మీ పేరు అందులో ఉందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి.

బయల్దేరేముందు డాక్టరుకి ఒక మాట చెప్పండి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి, ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గిపోయి కళ్లు తిరుగుతాయి. మాత్ర ఏ వేళకి వేసుకోవాలో ఆయనే చెబుతారు. కళ్లు కూడా చూపించుకోండి. శుక్లాలు మొదలైతే నీటి మీద ఎండ మెరుపులో ఎదురొచ్చే బోటు కనపడదు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే జెల్ల చేప ముల్లు, టేకు చేప ముల్లు గుచ్చుకున్నప్పుడు అశ్రద్ధ చేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పెద్ద బోటు సరంగుకి ఇచ్చి ఉంచుకోనా అన్నారు. వద్దు. దాన్ని ఉంచుకుంటే మీరు అఖాతంలో గేలం వేసుకుని కూర్చున్నప్పుడు కూడా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఐస్ తక్కువైంది, గేరుబాక్సు పోయింది, కలాసీ రాలేదు. మీ ఉత్తరంలో మీరు వదిలించుకోవాలనుకుంటున్నవి ఈ లెక్కలే. బోటు మీ పేరున ఉన్నంతకాలం అవి మిమ్మల్ని వదలవు.

అమ్మడానికి మంచి అదను వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మీరు ఎలాగూ రిపేర్లకి పైకి తీయిస్తారు. కొనేవాడు అడుగు నుంచి చెక్క చూసుకోగలడు, జూన్ 15కి బయల్దేరాలని అతనికీ తొందర ఉంటుంది. మొదట మీ సరంగుని అడగండి. బోటు లోటుపాట్లు మీ తర్వాత తెలిసినవాడు అతనే. అతను కొంటే కలాసీలకి పని పోదు. డబ్బు ఒకేసారి ఇవ్వలేకపోతే బ్యాంకు అప్పు పెట్టించండి గానీ, వేట మీద వచ్చినప్పుడు ఇస్తాలే అన్న ఒప్పందానికి మాత్రం ఒప్పుకోకండి. అలా ఒప్పుకుంటే బోటు అమ్మి కూడా మీరు దాని వేట లెక్కలే చూస్తూ కూర్చోవాలి.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. మత్స్యశాఖలో రిజిస్ట్రేషన్, లైసెన్సు కొత్త ఓనరు పేరుకి మారేదాకా బోటు తాళం ఇవ్వకండి. నిషేధం రోజుల్లో ఆ బోటు వేటకు వెళ్లినా, ఏదైనా ప్రమాదం జరిగినా ముందు వచ్చేది రికార్డులో ఉన్న పేరు దగ్గరికే. బీమా, డీజిల్ సబ్సిడీ కూడా అలాగే మార్పించండి. బ్యాంకు బాకీ ఉంటే తీర్చి, తీరినట్టు కాగితం తీసుకోండి. సావుకారు దగ్గర తెచ్చిన అడ్వాన్సు, కలాసీలకి మీరిచ్చిన అడ్వాన్సు, రెండూ అమ్మేముందే తేల్చుకోవాలి. కలాసీల దగ్గర రావాల్సిన చిన్న మొత్తాలు వదిలేయగలిగితే వదిలేయండి. రేపు రేవులో మీ బోటుకి తాడు అందుకునేది వాళ్లే.

బోటు అమ్మిన డబ్బులోంచి ముందు ఇంటి ఖర్చుకి నెలనెలా వచ్చే ఏర్పాటు చేసుకోండి, చిన్న బోటు దాని తర్వాతే. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. చిన్న బోటు మీద ఇల్లు గడవాలని పెట్టుకున్నారంటే, గాలి బాగాలేని రోజు కూడా వెళ్లాలనిపిస్తుంది. చేప పడని రోజు ఇంకాస్త లోపలికి వెళ్దామనిపిస్తుంది. సముద్రం మీద మనిషిని ప్రమాదంలోకి నెట్టేది చాలావరకు ఈ అవసరమే. పట్టింది ఇంటికి, ఇరుగుపొరుగుకి, మిగిలితే గంప పెట్టుకునే ఆవిడకి. పెట్రోలు డబ్బులు కూడా దాంట్లోంచి రావాలని చూడకండి. కొత్త బోటుకి కూడా రిజిస్ట్రేషన్ తీసుకోండి. ఇంజినున్న బోటు కాబట్టి ఆ 61 రోజులు అది కూడా కట్టే ఉంచాలి. ఆ ఎండల్లో మీకు విశ్రాంతి మంచిదే.

నలుగురి మాట గురించి రెండు ముక్కలు చాలు. అనేవాళ్లు పది రోజులు అంటారు. పదకొండో రోజు మీ దగ్గరికే వచ్చి, ఎక్కడ పడుతున్నాయి అని అడుగుతారు. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు సముద్రాన్ని చట్టం సంప్రదాయ వేటగాళ్లకి కేటాయించింది. ఇన్నేళ్లూ మీరు ఆ గీతకి బయటి ఓనరు. ఇప్పుడు లోపలి మనిషి అవుతున్నారు. మరబోట్లు లోపలికి వచ్చి చిన్నవాళ్ల వలలు తెంచినప్పుడు రెండు వైపుల మాటా తెలిసిన పెద్దమనిషి ఒకరు పేటలో ఉంటే ఎన్నో తగాదాలు రేవులోనే తేలిపోతాయి. ఆ పని మీరు చేయగలరు, ఓనరుగా కన్నా మీ మాటకి అప్పుడే ఎక్కువ విలువ ఉంటుంది.

తొందరపడి కొనేయకండి. ఇప్పుడే తెలిసినవాళ్ల చిన్న బోటు ఒకటి అడిగి తీసుకుని, ఒక నెలపాటు వారానికి రెండు మూడు రోజులు ఏటిమొగ నుంచి వెళ్లి చూడండి. మోకాలు ఎక్కడ నొప్పి పెడుతోంది, ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, పలక ఎంత ఎత్తు ఉండాలి, మీతో వచ్చే కుర్రాడి పని తీరు ఎలా ఉంది అన్నది అప్పుడు తెలుస్తుంది. ఒకరోజు, నీళ్లు బాగా నెమ్మదిగా ఉన్నప్పుడు, వదినగారిని కూడా ఎక్కించుకుని వెళ్లండి. కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఆవిడ అప్పటికీ వద్దంటే, ఎందుకు వద్దంటున్నారో అడిగి నాకు మళ్లీ రాయండి. బోటు వెడల్పు, పలక ఎత్తు కొలతలు కూడా రాసి పంపితే ఇంజిను షాఫ్టు గురించి అప్పుడు కచ్చితంగా చెప్పగలను.